పడవలో టీవీ: కరెంటు ఏ దారిన రావాలి?

పది పదిహేను రోజులు నడిసంద్రంలో ఉండే బోటులో టీవీ పెట్టడం తేలికే. మర్నాడు ఇంజన్ మొదటి దెబ్బకే స్టార్ట్ అయ్యేలా పెట్టాలంటే మాత్రం కాస్త భౌతికశాస్త్రం, కాస్త లెక్క కావాలి.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు మరబోట్ల వేటకు విరామం. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఈ నిషేధం. ఆ రెండు నెలలూ విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో బోట్లు వరుసగా లంగరేసి ఉంటాయి. కొన్నింటిని ఒడ్డుకు లాగి చెక్కల సందులు పూడుస్తారు, రంగులు వేస్తారు, ఇంజన్ విప్పి సరిచేస్తారు. తుప్పు పట్టిన తీగలు మార్చి కొత్త వైరింగ్ చేయించేదీ అప్పుడే. ఆ వరుసలోనే ‘ఈసారి బోటులో ఓ టీవీ పెట్టిద్దాం’ అనే మాట వస్తుంది.

ఏడెనిమిది మంది మనుషులు, నాలుగడుగుల క్యాబిన్, చుట్టూ నీళ్లు. వల లాగిన తరువాత దొరికే రెండు మూడు గంటల ఖాళీలో ఓ సినిమా చూడాలనుకోవడం విలాసమేమీ కాదు. పైగా టీవీలు చవకయ్యాయి, తెరలు పలచబడ్డాయి. కరెంటు వాడకం కూడా బాగా తగ్గింది. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ 21 అంగుళాలదైతే 70 నుంచి 100 వాట్లు లాగేది. ఇప్పుడు 24 అంగుళాల ఎల్‌ఈడీ టీవీకి సుమారు 25 వాట్లు, 32 అంగుళాలదానికి 40 నుంచి 60 వాట్లు సరిపోతాయి. ఇంట్లో ఇది లెక్కలోకి రాని కరెంటు. సముద్రం మీద మాత్రం ప్రతి వాటుకూ లెక్క చెప్పాల్సిందే.

అన్ని పడవలూ ఒకటి కాదు

పడవలో టీవీకి కరెంటు ఎలా ఇవ్వాలన్న ప్రశ్నకు జవాబు ఆ పడవ ఎలా బతుకుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. శ్రీనగర్‌లోని దాల్ సరస్సులో హౌస్‌బోట్లు కదలవు. ఒడ్డు నుంచి స్తంభాల మీదుగా వచ్చే తీగతో వాటికి మామూలు ఇంటి కరెంటే అందుతుంది. కేరళలో అలప్పుళ కాలువల్లో తిరిగే హౌస్‌బోట్లకు ఏసీలు నడపడానికి ఎలాగూ జనరేటర్ ఉంటుంది, టీవీ దానికి ఓ లెక్క కాదు. అదే రాష్ట్రంలో వైకోం, తవణక్కడవు మధ్య 2017 నుంచి తిరుగుతున్న ‘ఆదిత్య’ అనే 75 మంది పట్టే ఫెర్రీ ఏకంగా సూర్యరశ్మితోనే నడుస్తుంది. దాని కప్పు మీద 20 కిలోవాట్ల సోలార్ పలకలు, లోపల 50 కిలోవాట్ అవర్ల లిథియం బ్యాటరీలు ఉన్నాయి.

చేపల వేట బోటుది వేరే బతుకు. ఒడ్డు తీగ ఉండదు, చాలా బోట్లలో వేరే జనరేటరూ ఉండదు. ఇంజన్‌కు బెల్టుతో తగిలించిన ఆల్టర్నేటర్, అంటే మెకానిక్కులు ‘డైనమో’ అని పిలిచేది, ఇంజన్ తిరిగినంతసేపూ బ్యాటరీని నింపుతుంది. ఇంజన్ ఆగాక మిగిలేది ఆ బ్యాటరీ ఒక్కటే. అందుకే ఈ ప్రశ్న అక్కడే అన్నిటికన్నా గట్టిగా ఎదురవుతుంది.

ఒక్క బ్యాటరీ మీద ఎన్ని ప్రాణాలు?

బోటులో బ్యాటరీ చేసే పనులు చూడండి. పొద్దున్నే ఇంజన్‌కు ‘సెల్ఫ్’ కొట్టాలి. రాత్రి దీపాలు వెలిగించాలి. ఆ దీపాలు లేకపోతే దారిన పోయే పెద్ద ఓడకు చీకట్లో ఓ చిన్న బోటు ఉందనే తెలియదు. జీపీఎస్ నడవాలి. వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ సెట్ నడవాలి. ఆపదలో అందరూ వినే 16వ ఛానల్‌లో పిలుపు వెళ్లాల్సింది దాని నుంచే. హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, ఇన్‌కాయిస్, చేపలు ఎక్కడ పడే అవకాశం ఉందో, అలలు ఎప్పుడు ఎగసిపడతాయో లెక్కగట్టి చెబుతుంది. ఎంత మంచి హెచ్చరికైనా దాన్ని అందుకునే పరికరంలో కరెంటు ఉంటేనే పనికొస్తుంది.

ఇక్కడో చిక్కు ఉంది. వైర్‌లెస్ సెట్ ఊరికే వింటున్నప్పుడు చాలా కొద్ది కరెంటు తీసుకుంటుంది. మాట్లాడటానికి మీట నొక్కగానే 25 వాట్ల శక్తితో సంకేతం పంపాలి కాబట్టి 12 వోల్టుల దగ్గర అయిదారు ఆంపియర్లు లాగుతుంది. నీరసించిన బ్యాటరీ మీద సెట్ చక్కగా వినిపిస్తూనే ఉంటుంది. మీట నొక్కిన క్షణంలో వోల్టేజీ జారిపోయి సెట్ ఆగిపోతుంది. లోకం మాట వీళ్లకు వినిపిస్తుంది గానీ వీళ్ల మాట లోకానికి వినిపించదు. సెల్ఫ్ మోటారు కథ ఇంకా కఠినం. అది కొన్ని సెకన్ల పాటు వందల ఆంపియర్లు అడుగుతుంది. రాత్రంతా టీవీ నడిపిన బ్యాటరీ దీపాలు వెలిగిస్తుంది గానీ ఇంజన్‌ను తిప్పలేదు. గాలి ముదురుతున్న వేళ, లంగరు జారుతున్న చోట అది జరిగితే టీవీ ఖరీదు ఎంతన్నది ఎవరికీ గుర్తుండదు.

కాబట్టి టీవీకి దారి వెతికేటప్పుడు మొదటి షరతు ఇదే: అది ఎంత వాడుకున్నా ఇంజన్‌కూ వైర్‌లెస్‌కూ ఉంచిన కరెంటును ముట్టుకోకూడదు. మిగతావన్నీ దీని తరువాతే.

టీవీ తినేదెంత, దారి తినేదెంత?

లెక్క చాలా చిన్నది. వాట్లను గంటలతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. వాటిని బ్యాటరీ వోల్టేజీతో భాగిస్తే ఆంపియర్ అవర్లు వస్తాయి. బ్యాటరీ మీద 100 ఏహెచ్ అని రాసి ఉండేది ఆ ఆంపియర్ అవర్ల సంఖ్యే. 12 వోల్టుల, 100 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1200 వాట్ అవర్లు ఉన్నాయి. సీసం బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే దాని ఆయుష్షు వేగంగా తరిగిపోతుంది. కనుక నిజంగా చేతిలో ఉన్నవి 600 వాట్ అవర్లు, అంటే 50 ఏహెచ్.

ఇప్పుడు 24 అంగుళాల టీవీని తీసుకుందాం. లోపల అది వాడేది 24 వాట్లు, రోజుకు నాలుగు గంటలు చూస్తారనుకుందాం. అంటే 96 వాట్ అవర్లు.

మొదటి దారి నేరుగా డీసీ. చిన్న టీవీలు చాలావాటికి కరెంటు బయట ఉండే అడాప్టర్ నుంచి వస్తుంది. ఆ అడాప్టర్ చేసే పని 230 వోల్టుల ఏసీని 12 వోల్టుల డీసీగా మార్చడం. బ్యాటరీలో ఉన్నదే 12 వోల్టుల డీసీ కదా, మధ్యలో అడాప్టర్ ఎందుకు? సన్నగా వోల్టేజీ సరిచేసే డీసీ కన్వర్టర్ ఒకటి పెడితే చాలు. దాని సామర్థ్యం 90 శాతం అనుకుంటే రోజుకు సుమారు 107 వాట్ అవర్లు ఖర్చవుతాయి, అంటే 9 ఏహెచ్.

రెండో దారి ఇన్వర్టర్. అది బ్యాటరీలోని 12 వోల్టుల డీసీని 230 వోల్టుల ఏసీగా పెంచుతుంది. టీవీ అడాప్టర్ దాన్ని మళ్లీ 12 వోల్టుల డీసీకి దించుతుంది. మేడెక్కి దిగినట్టు, చేరేది బయల్దేరిన చోటుకే. ఎక్కేటప్పుడు కొంత, దిగేటప్పుడు కొంత శక్తి వేడిగా పోతుంది. అడాప్టర్ సామర్థ్యం 85 శాతం, తక్కువ బరువు మీద ఇన్వర్టర్ సామర్థ్యం 80 శాతం అనుకుంటే బ్యాటరీ నుంచి లాగేది సుమారు 35 వాట్లు. నాలుగు గంటలకు 141 వాట్ అవర్లు, దాదాపు 12 ఏహెచ్.

తొమ్మిదికీ పన్నెండుకూ తేడా పెద్దదేమీ కాదు. అసలు నష్టం మరోచోట ఉంది. టీవీ కట్టేసినా ఇన్వర్టర్ ఆన్‌లో ఉంటే దాని లోపలి సర్క్యూట్లు ఖాళీగానే కరెంటు తింటాయి. చిన్న ఇన్వర్టర్లలో ఇది 5 నుంచి 15 వాట్ల వరకు ఉండవచ్చు. 8 వాట్లనే అనుకుందాం. మిగతా 20 గంటలకు 160 వాట్ అవర్లు. టీవీ చూసినందుకు ఖర్చయినదానికన్నా చూడనప్పుడు ఖర్చయినదే ఎక్కువ! మొత్తం 301 వాట్ అవర్లు, అంటే 25 ఏహెచ్. ఇంజన్ ఆపి ఉన్న రెండు రోజుల్లో బ్యాటరీ సగమవుతుంది. ఇన్వర్టర్‌కు చేతికందే చోట ఓ స్విచ్ పెట్టి, సినిమా అయిపోగానే కట్టేసే అలవాటు చేసుకుంటే ఏమీ కొనకుండానే ఖర్చు సగానికి దిగుతుంది.

మూడో దారి చిన్న పెట్రోల్ జనరేటర్. యాభై వాట్ల టీవీ కోసం వెయ్యి వాట్ల యంత్రాన్ని తిప్పడం అంటే ఎడ్లబండి లాగాల్సిన చోట లారీ తేవడమే. దానికన్నా భయపడాల్సినది పొగ. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. మూసిన క్యాబిన్‌లో నిద్రపోతున్న వాళ్లను లేపకుండానే చంపగలదు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువైనది కనుక బోటు అడుగున పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు.

మరి ప్రధాన ఇంజన్? వేటకు ఎలాగూ తిరుగుతున్నప్పుడు అదే అన్నిటికన్నా చవకైన దారి. లీటరు డీజిల్‌లో సుమారు 10 కిలోవాట్ అవర్ల వేడి ఉంటుంది. ఇంజన్‌లో మూడో వంతుకు కాస్త తక్కువ, ఆల్టర్నేటర్‌లో అందులో సగానికి కాస్త ఎక్కువ మిగులుతాయి. అంటే లీటరుకు ఒకటిన్నర కిలోవాట్ అవర్ల కరెంటు. టీవీ రోజు ఖర్చు దానిలో పదో వంతు కూడా కాదు. ఆగి ఉన్న బోటులో బ్యాటరీ నింపడానికే అంత పెద్ద ఇంజన్‌ను తిప్పితే మాత్రం లెక్క తలకిందులవుతుంది. బరువు లేని ఇంజన్ తనను తాను తిప్పుకోవడానికే డీజిల్ తాగుతుంది.

ఏది ఎంచుకోవాలన్నది టీవీ సైజును బట్టి ఉంటుంది. 24 అంగుళాల వరకు, అడాప్టర్ మీద 12 వోల్టులని రాసి ఉన్నదైతే డీసీ దారే మేలు. సోలార్ ఇళ్ల కోసం అమ్మే డీసీ టీవీలు కొంచెం పెద్ద సైజుల్లోనూ దొరుకుతాయి. తీగ నేరుగా లోపలికి వెళ్లే 230 వోల్టుల టీవీ అయితే ఇన్వర్టర్ తప్పదు. అలాంటప్పుడు 300 వాట్ల లోపు చిన్నది, సైన్ వేవ్ రకం తీసుకోవడం మంచిది. చవక రకాల మెట్ల తరంగంతో టీవీలు సాధారణంగా నడుస్తాయి గానీ కొన్ని గుయ్యిమంటాయి, కొన్ని వేడెక్కుతాయి.

24 వోల్టుల బోటులో ఓ ఉచ్చు

పెద్ద మరబోట్లలో చాలావాటికి 24 వోల్టుల వ్యవస్థ ఉంటుంది. రెండు 12 వోల్టుల బ్యాటరీలను వరుసగా కలిపి అది తెస్తారు. టీవీకి కావాల్సింది 12 వోల్టులు. అక్కడే ఓ సులువు తడుతుంది: రెండింటిలో ఒకదాని నుంచే తీగ లాగేస్తే సరి! టీవీ చక్కగా నడుస్తుంది కూడా. కొద్ది వారాలకు రెండు బ్యాటరీలూ చెడిపోవడం మొదలవుతుంది.

కారణం ఇది. రోజూ టీవీ 9 ఏహెచ్ ఒక బ్యాటరీ నుంచే తీసుకుంటుంది. ఆల్టర్నేటర్‌కు మాత్రం రెండింటి మొత్తం వోల్టేజీయే కనబడుతుంది. అది 28.4 వోల్టులకు చేరగానే ‘నిండాయి’ అనుకుని తగ్గిపోతుంది. లోపల సంగతి వేరు. టీవీ వాడని బ్యాటరీ 15 వోల్టులకు ఎక్కి నీళ్లు మరిగిపోతూ ఉంటుంది. టీవీ నడిపినది 13.4 దగ్గరే ఆగి ఎప్పటికీ నిండదు. నిండని సీసం బ్యాటరీ పలకల మీద సల్ఫేట్ గట్టిపడి పోతుంది. ఒకటి ఎక్కువ తిని, ఒకటి పస్తుండి, రెండూ పాడవుతాయి. ఇంజన్ స్టార్ట్ కావడానికి రెండూ కావాలి.

దీనికి సరైన మందు 24 నుంచి 12 వోల్టులకు దించే కన్వర్టర్. అది రెండింటి నుంచీ సమానంగా తీసుకుంటుంది. ఇంకో మేలు కూడా చేస్తుంది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు 12 వోల్టుల వ్యవస్థలో వోల్టేజీ 14.4 దాకా, 24 వోల్టుల వ్యవస్థలో దానికి రెట్టింపు దాకా పెరుగుతుంది. అడాప్టర్ ఇచ్చే నిలకడైన 12 వోల్టులకు అలవాటైన టీవీకి ఈ ఎగుడుదిగుళ్లు పడవు. కన్వర్టర్ వాటిని తన మీద వేసుకుని టీవీకి 12 మాత్రమే పంపుతుంది.

సన్న తీగ, తప్పుడు దిక్సూచి

తక్కువ వోల్టేజీ అంటే అదే శక్తికి ఎక్కువ కరెంటు. ఎక్కువ కరెంటు అంటే తీగలో ఎక్కువ నష్టం. ఇంటి వైరింగ్ అలవాటున్న చేయి బోటులో చేసే మామూలు పొరపాటు ఇక్కడే.

బ్యాటరీ ఇంజన్ గదిలో, టీవీ 10 మీటర్ల దూరంలో క్యాబిన్‌లో ఉందనుకుందాం. వెళ్లడానికీ రావడానికీ కలిపి 20 మీటర్ల రాగి తీగ. మందం 1 చదరపు మిల్లీమీటరు అయితే దాని నిరోధం 0.34 ఓమ్‌లు. 32 అంగుళాల డీసీ టీవీ 4 ఆంపియర్లు లాగితే దారిలోనే దాదాపు 1.4 వోల్టులు పోతాయి. బ్యాటరీ దగ్గర 12.2 ఉన్నా టీవీ దగ్గరకు చేరేది 10.8. టీవీ ఆగి ఆగి వెలుగుతుంది. ‘టీవీ పాడైంది’ అంటారు, నిజానికి తీగ సన్నదైంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం 0.55 వోల్టులకు దిగుతుంది. 24 వోల్టుల బోటులో అయితే కన్వర్టర్‌ను బ్యాటరీ పక్కన కాక టీవీ పక్కన పెట్టాలి. అప్పుడు తీగలో పోయే కరెంటు సగమవుతుంది, శాతంలో చూస్తే నష్టం నాలుగో వంతే.

తీగ ఏ దారిన వెళ్తుందన్నదీ ముఖ్యమే. తీగలో కరెంటు పారితే పక్కనున్న అయస్కాంత సూది కదులుతుందని డెన్మార్క్ శాస్త్రవేత్త ఓర్‌స్టెడ్ 1820లో గమనించాడు. సరంగు ముందుండే దిక్సూచీ ఆ సూదే. 4 ఆంపియర్లు పారే ఒంటి తీగ దానికి 20 సెంటీమీటర్ల దూరంలో వెళ్తే అక్కడ పుట్టే అయస్కాంత క్షేత్రం 4 మైక్రోటెస్లాలు. మన తీరం దగ్గర సూదిని ఉత్తరానికి తిప్పే భూమి క్షేత్రం సుమారు 40 మైక్రోటెస్లాలు. పదో వంతు అడ్డం వస్తే సూది దాదాపు 6 డిగ్రీలు పక్కకు పోవచ్చు. పది కిలోమీటర్లు వెళ్లేసరికి కిలోమీటరు తేడా! జీపీఎస్ పనిచేస్తున్నంతసేపూ ఎవరూ గమనించరు. అది ఆగిన రోజే దిక్సూచి వైపు చూస్తారు. మందు చాలా తేలిక: వెళ్లే తీగనూ వచ్చే తీగనూ జడలా మెలిపెట్టి వేస్తే ఒకదాని క్షేత్రాన్ని మరొకటి రద్దు చేస్తుంది. టీవీ స్పీకర్లలో అయస్కాంతాలు ఉంటాయి కాబట్టి టీవీని కూడా దిక్సూచికి దూరంగానే బిగించాలి.

వైర్‌లెస్ సెట్‌కూ ఇలాంటి ఇబ్బందే ఉంది. ఇన్వర్టర్లూ కన్వర్టర్లూ సెకనుకు వేల సార్లు కరెంటును తెంపుతూ కలుపుతూ పనిచేస్తాయి. ఆ రొద రేడియో తరంగాలుగా చుట్టూ చిమ్ముతుంది. పరీక్ష రెండు నిమిషాల పని. సెట్ ఆన్ చేసి బలహీనంగా వినబడే ఓ మాట మీద చెవి పెట్టాలి, ఆ తరువాత ఇన్వర్టర్ వేయాలి. మాట రొదలో మునిగిపోతే ఆ పరికరాన్ని దూరంగా జరపాలి, లేదా మార్చాలి.

వేరే బ్యాటరీ: ఖర్చు కాదు, బీమా

ఇప్పటిదాకా చెప్పిన జాగ్రత్తలన్నీ తీసుకున్నా మొదటి షరతు ఇంకా అలాగే ఉంది. టీవీ, ఇంజన్ ఒకే బ్యాటరీ మీద ఉన్నంతకాలం ఓ రోజు ఎవరో మరిచిపోతారు. ‘బ్యాటరీ తగ్గితే ఇన్వర్టరే ఆగిపోతుంది కదా’ అన్న భరోసా ఇక్కడ పనికిరాదు. చాలా ఇన్వర్టర్లు 10.5 వోల్టుల దగ్గర ఆగేలా ఉంటాయి. సీసం బ్యాటరీ విశ్రాంతిగా ఉన్నప్పుడు నిండుగా ఉంటే 12.6 నుంచి 12.7 వోల్టులు, సగముంటే 12.1 నుంచి 12.2, దాదాపు ఖాళీ అయితే 11.8 చూపుతుంది. 10.5 వోల్టుల దగ్గర ఆగడమంటే అంతా అయిపోయాక తలుపు వేయడమే.

అందుకని టీవీ, ఫోన్ ఛార్జింగ్, ఫ్యాన్ లాంటివాటికి వేరే బ్యాటరీ పెట్టి, ఇంజన్ బ్యాటరీని ఇంజన్‌కూ ఆపద్ధర్మ పరికరాలకూ వదిలేయడం సరైన పద్ధతి. రెండింటి మధ్య వోల్టేజీని కనిపెట్టే రిలే ఉంటుంది. ఇంజన్ తిరిగి వోల్టేజీ 13.3 దాటగానే అది రెండు బ్యాటరీలనూ కలిపి నింపుతుంది. ఇంజన్ ఆగి వోల్టేజీ 12.8కి దిగగానే విడదీస్తుంది. రాత్రి టీవీ తన బ్యాటరీని ఎంత పీల్చినా ఇంజన్‌ది నిండుగానే ఉంటుంది. రెండో బ్యాటరీకి చోటు లేకపోతే కనీసం 12 వోల్టుల దగ్గర టీవీని తెంచేసే కటాఫ్ పరికరం పెట్టాలి.

ఏ బ్యాటరీ అన్న దానికీ అర్థముంది. ఇంజన్ కోసం చేసిన బ్యాటరీలో పలకలు పలుచగా, ఎక్కువగా ఉంటాయి. ఒక్కసారిగా పెద్ద కరెంటు ఇవ్వడం వాటి పని. టీవీలా మెల్లగా, గంటల తరబడి లాగే పనికి మందపు పలకల డీప్ సైకిల్ రకం కావాలి. ఇళ్లలో ఇన్వర్టర్‌కు వాడే ట్యూబులర్ బ్యాటరీ ఆ కోవకు చెందినదే. దాన్ని బోటులో నిటారుగా, కదలకుండా బిగించాలి. ఊగే బోటులో యాసిడ్ చిందకుండా ఉండాలంటే సీలు వేసిన రకం మేలు.

1859లో ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే తయారుచేసిన సీసం బ్యాటరీకి ఇప్పుడు గట్టి పోటీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్. ఆ పదార్థం బ్యాటరీకి పనికొస్తుందని 1997లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో అక్షయ పాఢి, కె.ఎస్. నంజుండస్వామి, జాన్ గుడ్‌ఎనఫ్ చూపించారు. గుడ్‌ఎనఫ్‌కు లిథియం బ్యాటరీల మీద చేసిన కృషికి 2019లో నోబెల్ వచ్చింది. అదే శక్తికి ఇది సీసంలో సగం బరువు కూడా ఉండదు. ఎనభై శాతం దాకా వాడుకోవచ్చు, వేలసార్లు నింపవచ్చు. అయితే పాత బ్యాటరీ తీసి దీన్ని అక్కడ పెట్టేయకూడదు. ఖాళీ అయిన లిథియం బ్యాటరీ దొరికినంత కరెంటూ మింగుతుంది, ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు. మధ్యలో కరెంటుకు హద్దు పెట్టే డీసీ ఛార్జర్ ఉండాలి. పైగా దాని వోల్టేజీ దాదాపు చివరిదాకా ఒకేలా ఉంటుంది కాబట్టి మీటర్ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం.

ఎండ ఇచ్చేది, ఉప్పు తీసుకునేది

టీవీ బ్యాటరీ వేరయ్యాక దాన్ని నింపడానికి సోలార్ పలక చక్కని తోడు. 100 వాట్ల పలక మన తీరంలో మంచి ఎండలో రోజుకు 500 వాట్ అవర్ల దాకా ఇవ్వాలి. వేడి, ఉప్పు పొర, బోటు ఊగడం వల్ల 300 వస్తుందనుకోవడమే క్షేమం. మబ్బు పట్టిన రోజుల్లో అందులో సగం అనుకున్నా 24 అంగుళాల టీవీ డీసీ దారిలో వాడే 107 వాట్ అవర్లకు సరిపోతుంది. నీడ విషయంలో మాత్రం జాగ్రత్త. పలకలోని గడులన్నీ ఒకదాని వెనుక ఒకటి గొలుసుగా ఉంటాయి. ఓ తాడు, ఓ స్తంభం నీడ కొద్ది గడుల మీద పడినా మొత్తం కరెంటు బాగా పడిపోతుంది.

టీవీలో ఏం చూస్తారన్నదీ కరెంటు లెక్కలో భాగమే. డీటీహెచ్ ఉపగ్రహం 36 వేల కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. 60 సెంటీమీటర్ల డిష్ దాన్ని మూడు డిగ్రీల సన్నని కిటికీలోంచి చూస్తుంది. అల మీద బోటు అంతకన్నా ఎక్కువే ఊగుతుంది, బొమ్మ పోతుంది. ఊగుడుకు తగ్గట్టు తిరిగే డిష్‌లు ఉన్నాయి గానీ అవి ఖరీదైనవి, కరెంటూ ఎక్కువ తింటాయి. పెన్ డ్రైవ్‌లో సినిమాలు నింపుకుని వెళ్తే సెట్‌టాప్ బాక్సు లాగే పది వాట్లు కూడా మిగులుతాయి. తెర వెలుగు కాస్త తగ్గిస్తే ఇంకొంచెం మిగులుతుంది. చీకటి క్యాబిన్‌లో ఆ తేడా కంటికి ఆనదు.

సముద్రం మీద మిగతా అన్నిటికన్నా పట్టుదల గల శత్రువు ఉప్పు. ఉప్పు తేమ తీగ చివర్ల నుంచి లోపలికి పాకి రాగిని నల్లబరుస్తుంది, అతుకుల దగ్గర నిరోధం పెరిగి వేడి పుడుతుంది. తగరం పూత ఉన్న తీగ, గట్టిగా నొక్కి అతికిన టెర్మినళ్లు, పైన గ్రీజు లేదా సీలింగ్ గొట్టం దానికి విరుగుడు. టీవీ తీగకు ఫ్యూజు తప్పనిసరి. అది బ్యాటరీ నుంచి జానెడు దూరం దాటకముందే ఉండాలి. ఆ తరువాత తీగ ఎక్కడ ఒరుసుకుపోయినా ఫ్యూజు పోతుంది, బోటు మిగులుతుంది. ఇనుప బోటులో శరీరాన్నే తిరుగు తీగగా వాడకూడదు, దారి తప్పిన కరెంటు నీటి అడుగున లోహాన్ని తినేస్తుంది. నింపేటప్పుడు సీసం బ్యాటరీలు హైడ్రోజన్ వదులుతాయి. అది గాలిలో 4 శాతానికి చేరితే నిప్పంటుకుంటుంది కాబట్టి పెట్టెకు పైన గాలి పోయే దారి కావాలి.

ఇన్వర్టర్ వాడితే బోటులోకి 230 వోల్టులు వచ్చినట్టే. తడి చేతులు, తడి నేల. లీకేజీకి తెంచే ఆర్‌సీసీబీ పెట్టాలి. చిన్న ఇన్వర్టర్లలో ఎర్త్ కలిపిన తీరు సరిగా లేకపోతే ఆ పరికరం ఉన్నా పనిచేయదు. అందుకే ఈ ఒక్క పనినీ తెలిసిన ఎలక్ట్రీషియన్‌కే వదలాలి. 12 వోల్టుల దారికి ఉన్న అతి పెద్ద సుగుణం ఇదే కావచ్చు: ఆ వోల్టేజీ మనిషికి షాక్ కొట్టి ప్రాణం తీసేది కాదు.

రేవు దాటకముందు ఓ రాత్రి

61 రోజులు ఊరికే పడి ఉన్న బ్యాటరీ తనంతట తానే కొంత ఖాళీ అవుతుంది, వేసవి వేడిలో ఇంకా త్వరగా. జూన్ 15న బయల్దేరే ముందు దాన్ని పూర్తిగా నింపి, కొత్తగా పెట్టిన టీవీకి రేవులోనే ఓ పరీక్ష పెట్టవచ్చు. సాయంత్రం ఇంజన్ ఆపాలి. దీపాలు, జీపీఎస్, వైర్‌లెస్ వేసి ఉంచాలి. టీవీలో ఓ సినిమా మొత్తం చూడాలి, ఇన్వర్టర్ ఉంటే కావాలనే కట్టేయకుండా వదిలేయాలి. పొద్దున్నే ఏదీ ముట్టుకోకముందే ఇంజన్ బ్యాటరీ వోల్టేజీ చూడాలి. 12.4 కన్నా పైన ఉండాలి, 24 వోల్టుల బోటైతే ఒక్కో బ్యాటరీకీ విడివిడిగా అంతే ఉండాలి. వైర్‌లెస్ మీట నొక్కి పక్క బోటుతో ఓ మాట మాట్లాడాలి. ఆ తరువాత సెల్ఫ్ కొట్టాలి. ఇంజన్ మొదటి దెబ్బకే అందుకుంటే ఆ టీవీ సముద్రానికి పనికొస్తుంది. తడబడితే సరిచేసుకోవడానికి ఒడ్డు ఇంకా పక్కనే ఉంది.